క్రొత్త ట్యాబు వేడెక్కుట – గృహిణులెఱుగదగిన సంగతులు

ఇంటిలోనికి క్రొత్తవస్తువేది వచ్చినను దాని గుణదోషములను మొట్టమొదట కనిపెట్టునది గృహిణియే. క్రొత్తకుండ చెమర్చుచున్నదా కారుచున్నదా, క్రొత్తపొయ్యి మండుచున్నదా పొగయుచున్నదా యని చేయిపెట్టి చూచి తెలిసికొనుట మనకు తరతరములుగా వచ్చిన విద్య. అయినను విద్యుత్తుతో నడచు వస్తువుల మాట వచ్చుసరికి మనము వెనుదీయుదుము. ‘అవి మగవారి సంగతులు, అంగడివాడు చెప్పినదే మాట’ యని యూరకుందుము. అట్లూరకుండుట యెంతమాత్రము తగదని, వానలు వెనుకబట్టిన యొక జూను మాసమున మాకు తెలిసివచ్చినది. ఆ సంగతిని సోదరీమణులకు విన్నవింపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా కాపురము జగిత్యాలలో. మా వదినెగారు కోరుట్లలోను, మా చెల్లెలు సిరిసిల్లలోను ఉన్నారు. బడులు తెఱచునాటికి మూడిండ్లకును క్రొత్త ట్యాబులు వచ్చినవి. పట్టుమని పదిదినములు గడువకముందే మూడును వేడెక్కసాగినవి. ఎవరి యూరిలో వారు సెల్లుఫోనుల యంగడికి పోయి యడిగిరి. మూడూళ్లలోను ఒకటే సమాధానము: “కొత్తది గదమ్మా! మొదట్ల వేడైతది, నాల్గు దినాలైతే సదురుకుంటది.”

చిత్రమేమనగా, ఆ మాట మా యింట నిజమైనది. కోరుట్లలో సగము నిజమైనది. సిరిసిల్లలో పూర్తిగా అబద్ధమైనది. ఒకే మాట మూడుచోట్ల మూడు విధములైనపుడు, మన యింటిది ఏ విధమో తెలిసికొనుట యెట్లు? ఈ ప్రశ్నకు మాకు దొరికిన సమాధానమే యిక్కడ చెప్పబోవునది.

ట్యాబు మన యిండ్లలోనికి వచ్చి యెంతోకాలము కాలేదు. 2011 అక్టోబరు 5వ తేదీన భారతప్రభుత్వమువారు విద్యార్థులకొఱకు వెలువరించిన ‘ఆకాశ్’ అను చౌక ట్యాబు హైదరాబాదులో కూర్చబడినది. 2020లో కరోనావలన బడులు మూతపడియుండగా, సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పబడెను. టెలివిజను లేని యిండ్లలో ఆనాడు సెల్లుఫోనే పలక యైనది. 2022 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి పిల్లలకును, వారి యుపాధ్యాయులకును కలిపి 5,18,740 ట్యాబుల పంపిణీని ప్రారంభించిరి. ఇక మన ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పోయినవారి ముఖమును ఇంటివారికి చూపు అద్దము కూడ నిదియే. కావున దీనిని వలదని త్రోసివేయుట జరుగునది కాదు. దీనితో మెలగు విధమును నేర్చుకొనవలెను.

మొదట దీనికి వేడి యెక్కడనుండి వచ్చుచున్నదో చూతము. ట్యాబులో వేడిపుట్టు చోట్లు ముఖ్యముగా మూడు. ఒకటి, లెక్కలు కట్టుచు బొమ్మలను నడిపించు చిప్పు. రెండవది, వెలుగునిచ్చు తెర. మూడవది, విద్యుత్తును దాచు బ్యాటరీ. నింపునపుడును, ఖర్చు చేయునపుడును దానిలో కొంత శక్తి వేడిగా మాఱిపోవును. వీనికితోడు సిగ్నలు బలహీనముగా నున్నచోట ట్యాబు దానికై మిక్కిలి పెనగులాడి మఱికొంత వేడిని పుట్టించుకొనును. బల్లమీది కంప్యూటరులో ఈ వేడిని వెడలగొట్టుటకు చిన్న పంకా యుండును. ఇంటివాడుకకు కొను ట్యాబులలో పంకా యుండదు. వీపుభాగమే దానికి కిటికీ. కనుక పని చేయునపుడు వీపు గోరువెచ్చనగుట దోషము కాదు. లోని వేడి వెలికి వచ్చుచున్నదనుటకు అది గుఱుతు.

ఆ కిటికీ తెఱచియుండుట యెంత ముఖ్యమో ఒక చిన్నలెక్కవలన తెలియును. వేడివస్తువునకును చుట్టునున్న గాలికిని ఎంత భేదమున్న నంత వేగముగా వేడి బయటికి పోవును. ట్యాబు వీపు 42 డిగ్రీలున్నదనుకొందము. గది 27 డిగ్రీలైనచో భేదము 15. గది 37 డిగ్రీలైనచో భేదము 5 మాత్రమే. అనగా వేడి మూడవవంతు వేగముతోనే పోవును. మిగిలినది లోపలనే పేరుకొనును. మన జగిత్యాల ప్రాంతమున వేసవిలో 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. పలువురు తయారీదారులు తమ ట్యాబులను 0 మొదలు 35 డిగ్రీల వఱకుగల గాలిలోనే వాడవలెనని పొత్తములో వ్రాయుదురు. ఆ పొత్తమును మనము పెట్టెలోనే యుంచి మఱచిపోవుదుము. ఎండకాలమున మన వసారాలు ఆ హద్దును ఉదయము పదిగంటలకే దాటుచుండును.

ఇక బ్యాటరీ మాట. ట్యాబు పెట్టెపై 7,000 మొదలు 8,000 మిల్లీ ఆంపియర్ గంటలని వ్రాసియుండుట మనము చూచుచున్నాము. లెక్క కట్టినచో నది సుమారు 28 వాట్-గంటల శక్తి. ఆ శక్తినంతయు ఒక లీటరు నీటికి పట్టించినచో ఆ నీరు 24 డిగ్రీలు వేడెక్కును. 30 డిగ్రీల కుండనీరు 54 డిగ్రీలై, చన్నీరు కలుపక స్నానము చేయరానిదగును. ఇంత శక్తి మన వ్రేలి మందముకూడ లేని పలకలో నొదిగియున్నది. దసరానాడు మనము పూజించు జమ్మిచెట్టు గర్భమున అగ్ని దాగియుండునని పెద్దలు చెప్పుదురు. ఈ పలకలోను అట్టి దాగిన నిప్పున్నదని మనస్సున నుంచుకొనుట మేలు. భయపడుటకు గాదు, మన్నించి మెలగుటకు.

ఈ బ్యాటరీని లిథియమ్ అయాన్ బ్యాటరీ యందురు. 1991లో జపానుదేశపు సోనీ సంస్థ దీనిని మొదట అంగడికి తెచ్చినది. దీనికి పునాది వేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. దీని లోపల రెండు పలుచని పట్టీలుండును. అవి యొండొంటిని తాకకుండ నడుమ వెండ్రుకకన్న సన్నని పొర యుండును. ఆ పొర యెక్కడనైన చెడినచో పట్టీలు రెండును కలిసి వేడి పుట్టును. ఆ వేడివలన మఱికొంత పొర కరగును. దానివలన మఱింత వేడి పుట్టును. పాలపొంగువలె నొకసారి మొదలైనచో అది ఆగదు. 2016లో శామ్‌సంగ్ వారి గెలాక్సీ నోట్ 7 అను ఫోనులు పలుదేశములలో మండిపోయి, సెప్టెంబరు 2వ తేదీన అమ్మినవానిని వెనుకకు పిలిచిరి. మార్చి యిచ్చినవియు మండగా, అక్టోబరు 11వ తేదీన వాని తయారీనే మానివేసిరి. ఆ దినమే దసరా. ఆ దినముననే మన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. దోషము బ్యాటరీ నిర్మాణమునందే యున్నదని 2017 జనవరిలో ఆ సంస్థవారే ప్రకటించిరి. పేరుగన్న సంస్థ చేసిన క్రొత్తవస్తువైనను దోషముతో రావచ్చుననుటకు ఇంతకన్న నిదర్శనమేల? అట్టివి అరుదు. కాని అరుదైనది మన యింటికే వచ్చినపుడు గుర్తింప నేర్చియుండవలెను.

ఇప్పుడు మూడిండ్ల ముచ్చట చెప్పెదము.

మా యింట ట్యాబు వచ్చినది తొమ్మిదవ తరగతి చదువు మా యమ్మాయికొఱకు. వచ్చిన మఱునాడే అది వేడెక్కెను. మా యింటివారు పాత ఫోనులోని ఛాయాచిత్రములను, పాఠములను దీనిలోనికి తెప్పించుచుండిరి. అది చాలక క్రొత్త ట్యాబు తనకు కావలసిన సవరణలను తానే దింపుకొనుచుండెను. అనగా తెర ఆర్పియున్నను లోపల చిప్పు కోడికూతనుండి దీపాలవేళవఱకు రోలు దంచుచునే యుండెను. ఇక అమ్మాయి చేసినదేమి? పగులునేమో యని దళసరి రబ్బరు తొడుగు తొడిగి, బొంతమీద బోర్లపడుకొని, తెరవెలుగు పూర్తిగా పెంచి, ట్యాబును ఆ బొంతలోనే నొక్కియుంచి పాఠము చూచుచుండెను. కిటికీ లేని గదిలో పొయ్యి వెలిగించినట్లైనది. వేడి తగ్గుటకని కూలరుముందు పెట్టబోగా మేము వారించితిమి. కూలరునుండి తడిగాలియు తుంపరలును వచ్చును. పొరుగింటి పిల్లవాడు ఫ్రిజ్జులో పెట్టుమని చెప్పెను. అది మఱింత చెఱుపు. చల్లనిచోటినుండి వెలికి తీసిన చెంబునకు చెమ్మ పట్టినట్లే ట్యాబు లోపలను చెమ్మ పట్టును.

మేము చేసినది స్వల్పమే. తొడుగు తీసివేసితిమి. బొంతమీదినుండి తెచ్చి షాబాదుబండ నేలపై పీటకానించి నిలిపితిమి. రాతిబండ వేడిని లాగుకొనును. దూది వేడిని కాపాడును. తెరవెలుగు సగమునకు తగ్గించితిమి. సెట్టింగులలో బ్యాటరీ యను పుటను తెఱచినచో ఏ యాప్ ఎంత శక్తి తినుచున్నదో వరుసగా కనబడును, వాడనివానిని తీసివేసితిమి. అయిదవనాటికి సవరణలు ముగిసినవి, వేడియు తగ్గినది. మా యింట అంగడివారి మాట నిజమైనదని చెప్పుట యిందుకే.

కోరుట్లలో వదినెగారి కుమారుడు దుబాయిలో పనిచేయుచున్నాడు. తోటివాడొకడు సెలవుపై వచ్చుచుండగా అతనిచేత ట్యాబు పంపెను. అక్కడ వేసవిలో, జూను 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు, ఆరుబయట పనిచేయువారికి మధ్యాహ్నము పన్నెండున్నరనుండి మూడుగంటలవఱకు విరామము నియమింపబడియున్నది. మన గడియారమున నది రెండుగంటలనుండి నాలుగున్నరవఱకు. సరిగా మనకు ఎండ మండిపోవు వేళ. వదినెగారి కోడలు పడమటి యరుగుపై కూర్చుండి, ఒడిలో చేటనుంచుకొని బీడీలు చుట్టుచు, ట్యాబును స్తంభమున కానించి మగనితో మాటలాడును. చేతులు రెండును పనిలో నుండును గనుక ట్యాబును ఛార్జింగు తీగకు తగిలించియే యుంచును. మొగమటు చూపుచు, బొమ్మను పంపుచు తెచ్చుకొనుచు, మఱియొకవైపు విద్యుత్తు మ్రింగుచు, నెత్తిన పడమటి యెండ కాయుచు నాలుగు విధముల వేడి యొక్కమాఱే దానిమీద పడెను. గంట గడుచుసరికి తెర మసకబాఱి, మాట నడుమ తెగిపోవును. ఆ యమ్మాయి కంటనీరు పెట్టుకొని, “ఆయనకు దొరికేదే గా ఒక్క గంట, అత్తమ్మా” యనెనట.

మేము పోయి చూచినపుడు మఱియొక సంగతి బయటపడెను. దుబాయి ట్యాబుతో వచ్చిన ఛార్జరునకు మూడు చదునైన పిన్నులుండును. మన గోడ ప్లగ్గులలో గుండ్రని రంధ్రములుండును. ఇమడలేదు గనుక దానిని మూలబడవైచి, తోపుడుబండిమీద నొక చౌక ఛార్జరు కొనిరి. దానిపై ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో, చేసినవారెవరో ఏ వ్రాతయు లేదు. పట్టుకొన్నచో ట్యాబుకన్న ఛార్జరే యెక్కువ కాలుచుండెను.

సోదరీమణులు ఛార్జరు కొనునపుడు దానిపై వ్రాతను తప్పక చూడవలెను. 2012లో వెలువడిన ఉత్తరువు ననుసరించి ట్యాబులకును వాని అడాప్టర్లకును భారతీయ ప్రమాణముల సంస్థయొద్ద నమోదు విధింపబడినది. నమోదైనదానిపై ‘ఐ.ఎస్.’ అను ప్రమాణపు సంఖ్యయు, ‘ఆర్’ అను నింగ్లీషు అక్షరము వెంట ఎనిమిదంకెల సంఖ్యయు నుండును. ఆ సంస్థవారి ‘బి.ఐ.ఎస్. కేర్’ అను యాప్‌లో ఆ సంఖ్య వేసినచో చేసినవారి పేరు కనబడును. చింతపండు కొనునపుడు గింజ తీసి చూచు మనము ఛార్జరు కొనునపుడు దానిపై నాలుగు పంక్తులు చదువలేమా?

కోరుట్లలో మార్చినవి మూడు. ఒకటి, మూలబడిన ఛార్జరునకే మన ప్లగ్గునకు సరిపడు మంచి కన్వర్టరు తెప్పించిరి. రెండవది, ఉదయము చల్లనివేళ ట్యాబును నింపి, మాటలాడునపుడు తీగ తీసివేయుచున్నారు. మూడవది, అరుగునుండి నడుమగదిలోనికి చేట మాఱినది. గంటసేపు మాట ఇప్పుడు తెగుట లేదు. అంగడివారి మాట సగమే నిజమని యందుకే యంటిమి. ట్యాబు మంచిదే, కాని నాలుగు దినములుగాదు, నాలుగేండ్లైనను ఆ యరుగుపై ఆ ఛార్జరుతో నది సర్దుకొనెడిది కాదు. అంతలో బ్యాటరీ ముసలిదై పోయెడిది. వేడిమివలన బ్యాటరీ యాయువు తగ్గుననుట శాస్త్రసిద్ధము.

సిరిసిల్ల సంగతి వేఱు. మానేటి యొడ్డున నున్న యా యూరిలో మా మఱిది సాంచెలు నడుపును. బయటివారు మరమగ్గములందురు, అక్కడివారికవి సాంచెలే. చెల్లెలు ఆరవ తరగతి చదువు కూతునకు ట్యాబు కొన్నది. వేడెక్కుచున్నదని మాతో చెప్పగా, మేము మా యింటి యనుభవమును చెప్పితిమి: తొడుగు తీయుము, బండపై పెట్టుము, వెలుగు తగ్గింపుము. సాంచెలున్న యింట నూలు పొట్టు గాలిలో తేలుచుండును. అది ఛార్జింగు రంధ్రమున పేరుకొని తీగ వదులై వేడెక్కవచ్చునని, విద్యుత్తు తీసి పొడి కుంచెతో తుడువుమని కూడ చెప్పితిమి. ఆమె యన్నియు చేసినది. ఎనిమిదవ దినమున ఫోను చేసి, “అక్కా, వాడకుండ పక్కకు పెట్టినా వేడిగనే ఉంటున్నది” అనెను.

ప్రక్కనున్న మఱిది ఆ మాట విని, “సాంచె నడిచేటప్పుడు మోటరు వేడైతె పని చేస్తున్నట్టు, సాంచె ఆగినంక గూడ వేడిగుంటె లోపల కాలుతున్నట్టు” అనెను. మాకు తలలో దీపము వెలిగినట్లైనది. ఎన్ని పుస్తకములు చదివినను మాకు తోచని సూత్రమును దినమంతయు మోటారుపై చేయివేసి చూచుకొను మనుష్యుడు ఒక్కమాటలో చెప్పెను. పనిలో పుట్టు వేడి వేఱు, పనిలేక పుట్టు వేడి వేఱు. మొదటిది స్వభావము, రెండవది దోషము.

మఱునాడే సిరిసిల్లకు పోయితిమి. ట్యాబును బండనేలపై వెల్లకిల పెట్టి వ్రేలితో నెట్టగా బొంగరమువలె తిరిగెను. చదునైన వస్తువు చదునైన బండపై అట్లు తిరుగరాదు. వీపు నడుమ ఉబ్బినది. తెర యంచు ఒకచోట గోరు దూరునంత లేచినది. బ్యాటరీ లోపల వాయువు పుట్టి ఉబ్బుచున్నదన్నమాట. అన్నిటికన్న మా గుండె ఝల్లుమనిన దేమనగా, ఆ పిల్ల దానిని వారముదినములనుండి తలగడక్రింద పెట్టుకొని పండుకొనుచున్నది. ముంజేయి లోపలివైపు అరచేయంత మేర ఎఱ్ఱగా కందియున్నది. చెమటకాయలని తల్లి పసుపు రాయుచుండెనట.

చర్మము కాలుటకు నిప్పే యక్కఱలేదు. 1947లో అమెరికాదేశమున మోరిట్జ్, హెన్రిక్స్ అను పరిశోధకులు చూపినదేమనగా, 44 డిగ్రీల వేడియైనను ఆఱుగంటలు ఎడతెగక తాకియున్నచో చర్మము కాలును. 48 డిగ్రీలైనచో పావుగంట ప్రాంతమే చాలును. మేలుకొన్నవాడు చేయి తీసివేయును. నిద్రించు పిల్ల తీయలేదు. కావున ఎంత మంచి ట్యాబైనను, ఫోనైనను, పిల్లల పడకలో నుంచరాదు. తలగడక్రింద నుంచి ఛార్జింగు పెట్టుట అసలే కూడదు.

వెంటనే దానిని ఆర్పివేసి, ఛార్జింగు మాని, బట్టలకును పడకకును దూరముగా వాకిట బండపై నుంచితిమి. ఉబ్బినదానిని నొక్కుట, సూదితో పొడుచుట, వీపు విప్పుట ప్రాణాపాయకరము. అంగడికి పోయిన మొదటిదినము మరల ఆ పాత పాటయే వినవచ్చెను. రెండవదినము చెల్లెలు ఒక నోటుపుస్తకము పట్టుకొని పోయినది. దానిలో తేదీలవారీగా వ్రాసికొన్నది: ఏ గంటకు ఛార్జింగు తీసినది, ఎంతసేపు వాడనిది, తాకిన నెట్లున్నది, ఉబ్బు ఎప్పుడు కనబడినది. కొన్న రసీదును, ఛాయాచిత్రములను జతచేసినది. అంగడివారు తల గోకికొనుచుండగా ఆమె 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు అక్కడనుండియే ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించినది. రెండు వారములకు వేఱు ట్యాబు చేతికి వచ్చెను. అది చల్లగా పనిచేయుచున్నది. పిల్ల చేతి కందుడు మానినది. లేత మచ్చ మాత్రము మిగిలినది.

ఈ యనుభవముమీద మేము మూడుదినముల పరీక్ష నొకదానిని ఏర్పఱచుకొంటిమి. దీనికి ఏ పరికరమును అక్కఱలేదు; చేయియు, గడియారమును, పాలలెక్క వ్రాసికొను పుస్తకములో నొక పుటయు చాలును. క్రొత్త ట్యాబు వచ్చిన మొదటి వారము సవరణలకు విడిచి, తరువాత దీనిని చేయవలెను.

మొదటిదినము: ట్యాబును నింపి, తీగ తీసి, తొడుగు విప్పి, తెర ఆర్పి, నీడలో బండపై ఒక గంట యుంచుడు. ప్రక్కన నొక స్టీలు గ్లాసు నుంచుడు. గంట తరువాత రెంటిని తాకి చూడుడు. ట్యాబు గ్లాసుకన్న స్పష్టముగా వేడియైనచో అనుమానింపవలెను.

రెండవదినము: తీగ లేకుండ అరగంట పాఠము చూడనిండు. వీపున నొకచోట గోరువెచ్చనగును, అది సహజము. అరచేయి పదిలెక్కలు పెట్టి యుంచలేనంత కాలినచో సహజము కాదు.

మూడవదినము: వాడకుండ ఛార్జింగు మాత్రమే పెట్టుడు. కొంచెము వెచ్చనగును. తీగ తీసిన అరగంటకు చల్లాఱవలెను. ఛార్జరును కూడ తాకి చూడుడు. చల్లాఱనిచో మొదట మంచి ఛార్జరుతో మరల పరీక్షింపుడు; అప్పటికిని మాఱనిచో దోషము ట్యాబుదే.

మూడు దినములును సరిగా నున్నచో వేడి మన వాడుకవలన వచ్చినది. చోటు, వేళ, తొడుగు మార్చుకొన్న చాలును. మొదటిదినముననే తప్పినచో ఒక్క గడియకూడ ‘సదురుకుంటది’ అను మాట వినవలదు. ఉబ్బు కనబడినను, తియ్యని ఘాటైన రసాయనపు వాసన వచ్చినను పరీక్షలు చాలించి ఆర్పివేయవలెను. పొగ వచ్చినచో పిల్లలను బయటికి పంపి, చేతికందినచో మెయిను ఆపి, ఆ పొగ పీల్పక వెలికి వచ్చి 101కి ఫోను చేయవలెను. పాడైన బ్యాటరీని చెత్తబుట్టలో వేయరాదు; 2022 నాటి నియమములు దానిని వేఱుగా సేకరణకేంద్రమునకు చేర్చవలెనని చెప్పుచున్నవి.

అంగడివారు వినకున్న దారి లేదనుకొనవలదు. 2020 జూలైలో అమలునకు వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము, కొన్నచోటనే గాక మనము కాపురమున్న జిల్లాలోని కమిషనునందు కూడ ఫిర్యాదు చేయవచ్చును. అయిదులక్షల రూపాయలకు మించని కొనుగోలునకు రుసుము లేదు. గడువు రెండేండ్లు. దీనికి కావలసినవి రెండు: కొన్న రసీదు, మన చేతివ్రాత లెక్క. రసీదును పోపులడబ్బాలోనో, దేవుని పటము వెనుకనో దాచుట మనకు వాడుకయే. ఈ రసీదును కూడ నక్కడనే దాతము.

చెల్లెలింటినుండి వచ్చుచుండగా ఆమె మాతో ననిన మాటతో ముగింతుము. “అక్కా, చేతికి తెలిసింది నోటితో అనడానికి ఎనిమిది దినాలు పట్టింది” అనెను. ఆమె చేయి మొదటి దినముననే చెప్పినది, ఇది సరిగా లేదని. ఆమెయే దానిని నమ్మలేదు. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చెప్పు చేయి, బిడ్డ నుదుటిపై పెట్టి జ్వరమెంతో చెప్పు చేయి, క్రొత్త యంత్రమునుగూర్చి మాత్రము అబద్ధమాడునా? చేతిని నమ్మి, లెక్క వ్రాసికొని, అడుగవలసినచోట అడుగుదము.